కొట్టివేతల పేజీలు

ఆగస్టు 6

పెద్దమ్మా,

నువ్వు ఫోను ఎత్తవు. ఎత్తినా కటింగ్ మిషన్ చప్పుడులో "ఆఁ, ఆఁ" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం. పైగా ఫోనులో తిట్టిన తిట్లు గాలికి పోతాయనీ, కాగితం మీద తిడితే దాచుకోవచ్చనీ చెప్పింది నువ్వే.

ఆఖరి సంవత్సరం మొదలైంది. కెమిస్ట్రీ డిగ్రీ అంటే ఒకటే అనుకున్నావు కదూ? నేనూ అలాగే అనుకుని చేరాను. మా కాలేజీలో రెండు దారులున్నాయి. ఒకటి సాధారణ డిగ్రీ. నూట ఇరవై క్రెడిట్లు నిండాలి, కెమిస్ట్రీలో ఏ సబ్జెక్టులోనూ సి గ్రేడుకు తగ్గకూడదు, అంతే, జూన్‌లో పట్టా చేతికొస్తుంది. రెండోది పరిశోధన డిగ్రీ. పైవన్నీ చేస్తూనే ఏడాది పొడుగునా ల్యాబులో సొంతంగా ఒక పని పట్టాలి, దాని మీద థీసిస్ రాయాలి, ముగ్గురు పెద్దల ముందు నిలబడి అడిగిందానికల్లా జవాబు చెప్పాలి. ఏ దారో ఈ నెలాఖరులోగా ఫారం మీద రాసి సంతకం పెట్టాలి.

మా సలహాదారు చాలా మంచివాడు. అదే నా కష్టం. కళ్లజోడు తుడుచుకుంటూ, "చూడమ్మా, లెక్కల్లో ఒకసారి తప్పావు. ఫిజికల్ కెమిస్ట్రీలో అంచు మీద గట్టెక్కావు. హాయిగా సాధారణ దాంట్లో పూర్తి చేసుకో," అన్నాడు. అమ్మ కూడా అదే మాట. "త్వరగా బయటపడు, ఆ వాసనలు పీల్చి ఏం బాగుపడతావు?" అంటుంది.

వీళ్లందరూ ఒకటే మాట అంటుంటే నాకు ఒక్కోసారి నిజమేనేమో అనిపిస్తోంది. నువ్వేమంటావు? అమ్మకు మాత్రం ఈ ఉత్తరం సంగతి చెప్పకు.

నీ చెల్లెలి కూతురు

ఆగస్టు 17

ఒసేయ్ మొండిదానా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివాక ఒళ్లు మండింది. వెనక్కి తగ్గడానికి నా దగ్గర అనుమతి చీటీ కావాలా నీకు? నేనివ్వను. పో.

నేను ఈ బైండింగు కొట్టు పెట్టిన రోజున ఎదురుగా ఉన్న ప్రెస్సాయన నవ్వాడు. "ఆడవాళ్లు కుట్టగలరు, అట్ట వేయగలరు. కాగితాలు కోసే కట్టర్ చక్రం తిప్పడం వాళ్ల వల్ల కాదు," అన్నాడు. చెప్పడమే కాదు, పందెం కూడా కాశాడు. నాలుగు నెలలు భుజం నొప్పితో అన్నం ముద్ద నోటి దాకా ఎత్తలేకపోయాను. ఐదో నెల నుంచి ఆయన పుస్తకాలు కూడా నా దగ్గరే కోయించుకున్నాడు. ఇది నీకు చెప్పడం వందోసారి అని తెలుసు. అయినా విను.

అది సరే, ఒక సంగతి నాకు అర్థం కాలేదు. ఆ సలహాదారు జీతం తీసుకునేది సలహాలు ఇవ్వడానికా, భయపెట్టడానికా? లెక్కల్లో తప్పావంటే మళ్లీ రాసి నెగ్గావనే కదా అర్థం! ఒకసారి పడి లేచినవాళ్లకే నేల ఎంత గట్టిదో తెలుస్తుంది.

నాకు చదువు లేదు. పుస్తకాలు కడతానే గాని లోపల ఏముందో చూడను. చూస్తూ కూర్చుంటే పని తెమలదు. కానీ చేత్తో చేసి నేర్చుకున్నది ఒకలా ఉంటుంది, విని నేర్చుకున్నది ఒకలా ఉంటుంది. ఆ మాత్రం నాకు తెలుసు.

మీ అమ్మకు చెప్పను. నోరు కుట్టేసుకున్నాను, అది కూడా నా వృత్తే.

పెద్దమ్మ

జనవరి 9

పెద్దమ్మా,

నేను వెనక్కి తగ్గుతానని ఎప్పుడన్నాను? అభిప్రాయం అడిగితే అంత కోపమా! నీ ఉత్తరం వచ్చేసరికే ఫారం మీద సంతకం పెట్టేశాను. పరిశోధన డిగ్రీ అని రాసి కింద రెండు గీతలు కూడా గీశాను. సలహాదారు ఆ గీతలు చూసి నిట్టూర్చాడు.

ఇన్నాళ్లూ రాయలేదని తిట్టకు. మా ప్రొఫెసర్ మేడం ఇచ్చిన పని నా ప్రాణం తీస్తోంది. రాగితో ఒక సమ్మేళనం తయారుచేసి, దాన్ని స్ఫటికాలుగా పెంచాలి. చెప్పడానికి అంతే. ద్రావణం వేడి చేసి, వడగట్టి, కదపకుండా మూల పెట్టి, మూడు రోజులు దేవుడికి దండం పెట్టుకుని వెళ్లి చూస్తే అడుగున నీలం బురద! ముప్ఫై ఒక్కసార్లు బురదే వచ్చింది. ముప్ఫై రెండోసారి, గాజు గిన్నె అంచున, ఆవగింజంత స్ఫటికాలు. మిలమిలా మెరుస్తున్నాయి. ల్యాబులో గంతులేస్తే ల్యాబు అటెండరు చీపురుతో బెదిరించాడు.

ఇప్పుడు ఒక సాయం కావాలి. ఈ సెలవుల్లో మన ఊరు వస్తున్న క్లాస్‌మేట్ చేత నా ల్యాబు నోట్‌బుక్ పంపుతున్నాను. అమ్మకు ఇస్తుంది, అమ్మ నీకు అందిస్తుంది. దాని మీద ఒకసారి యాసిడ్ ఒలికింది. వెన్ను ఊడిపోయి కాగితాలు జారిపోతున్నాయి. ఫిబ్రవరి మొదట్లో దాన్ని డిపార్టుమెంటుకు చూపించాలి. చూస్తే నీకే అసహ్యం వేస్తుంది, అన్నీ మరకలు, కొట్టివేతలు. నవ్వకుండా దాన్ని నువ్వే ఒక దారికి తీసుకురా. నీ చేతిలో పడితే నాకు బెంగ ఉండదు.

ఆవగింజంత సంతోషంతో,
మొండిది

జనవరి 21

మొండిదానా,

పార్శిల్ వచ్చింది, పని పూర్తయింది, తిరిగి పంపించాను. ఇది చేరేలోపే నీకు అందుతుంది.

అమ్మో, ఏం నోట్‌బుక్కే తల్లీ అది! పిల్లులు కొట్లాడిన చోటులా ఉంది. నా ముప్ఫై ఏళ్ల వృత్తిలో ఇంత దీనమైన వెన్ను చూడలేదు. మొత్తం విప్పి, కొత్త దారంతో కుట్టి, వెన్నుకు రెండు పొరల గుడ్డ వేశాను. మూలలకు తోలు. పైన ముదురు నీలం కాలికో గుడ్డ, నీ స్ఫటికాల రంగు అనుకుని ఏరాను. కొట్టివేతలు, మరకలతో పాడైన కాగితాలు పదిహేడు తేలాయి. అవి తీసేశాను. అంచులు ఎగుడుదిగుడుగా ఉంటే మూడు వైపులా మిషన్ మీద కోశాను. ఇప్పుడు పెళ్లికూతురిలా ఉంది.

నా కొట్టుకు వచ్చిన వాళ్లందరికీ చూపించాను. "మా చెల్లెలి కూతురిది, కెమిస్ట్రీ," అని చెబుతుంటే నా గొంతు నాకే వింతగా వినిపించింది. నాకు పిల్లలు లేని లోటు నువ్వు పుట్టిన రోజే తీరిపోయింది, ఎప్పుడూ చెప్పలేదు గాని.

దీన్ని చూసి వాళ్లు పూర్తి మార్కులు వేయకపోతే నన్నడుగు.

గర్వంతో,
పెద్దమ్మ

ఫిబ్రవరి 2

పెద్దమ్మా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ల్యాబు నోట్‌బుక్ అంటే అందం కోసం కాదు. దానికో పద్ధతి ఉంది. ప్రతి కాగితానికీ పై మూలన నంబరు అచ్చువేసి ఉంటుంది. తప్పు రాస్తే చెరపకూడదు, ఒకే ఒక్క గీతతో కొట్టి, పక్కన సంతకం పెట్టి, తేదీ వేయాలి. కింద రాసింది కనబడుతూ ఉండాలి. కాగితం చింపడమంటే దొంగతనంతో సమానం. ఎందుకంటే నచ్చని ఫలితాలు దాచిపెట్టి నచ్చినవే చూపించినట్టు. నువ్వు తీసేసిన పదిహేడు కాగితాలూ నా ముప్ఫై ఒక్క బురదలు! నువ్వు కోసేసిన అంచులతో పాటు పేజీ నంబర్లన్నీ పోయాయి. ఇప్పుడు ఆ నోట్‌బుక్ చూస్తే నేను మొదటిసారే స్ఫటికాలు తెచ్చిన మహా మేధావిలా ఉంటుంది.

నిన్న డిపార్టుమెంటులో ముగ్గురూ పేజీలు తిప్పి మొహమొహాలు చూసుకున్నారు. కాగితాలు బైండింగులో పోయాయని నేను చెబుతుండగానే మేడం నోట్‌బుక్ మూసి పక్కన పెట్టింది. సలహాదారు బయటికి పిలిచి, సాధారణ డిగ్రీకి మారే ఫారం చేతిలో పెట్టాడు. "ఈ సెమిస్టర్‌లో ఒక్క సబ్జెక్టు అదనంగా తీసుకుంటే జూన్‌లో పట్టా. లేకపోతే విచారణ. నెలాఖరు దాకా ఆలోచించుకో," అన్నాడు. విచారణ, పెద్దమ్మా! నేను మోసం చేశానేమోనని!

రాత్రి అమ్మ ఫోను చేసి, "పరిశోధనంటూ ఆ కష్టమైనదాంట్లో చేరావటగా, ఇప్పటికైనా మారిపోవే," అంది. ఎవరు చెప్పారో నేను అడగలేదు. నేను నీ ఒక్కదానికే చెప్పాను. ఏం చెప్పొద్దన్నానో అదే చెప్పావు.

నీకు కాగితం తెలుసు, చదువు తెలియదు. తెలియనప్పుడు ముట్టుకోకుండా ఉండాల్సింది.

ఇంతకంటే రాస్తే ఇంకా చెడ్డ మాటలు వస్తాయి.

ఫిబ్రవరి 19

చెల్లెలి కూతురికి,

చదువు తెలియదన్నావు. నిజమే. అది కోపంలో అన్నా, శాంతంగా అన్నా నిజమే. దాని గురించి ఇంక మాట్లాడను.

కానీ చేయని నేరం ఒప్పుకోను. మీ అమ్మకు చెప్పింది నేను కాదు. నీ ఫారం నకలు నువ్వే నోట్‌బుక్ అట్టలో మడిచి పెట్టావు. పార్శిల్ మీ అమ్మ చేతి మీదుగా రమ్మన్నదీ నువ్వే. అది విప్పి చూసింది. నా దగ్గరికి వచ్చి, "అక్కా, నీకు ముందే తెలుసా?" అని అడిగితే, "తెలుసు, నీకు చెప్పను," అన్నాను. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. నీకు బెంగ పెట్టడం ఎందుకని అప్పుడు రాయలేదు. కాబట్టి ఇప్పుడు తల్లీ కూతుళ్లిద్దరికీ నా మీద కోపమే, బాగుంది.

ఇక కాగితాల సంగతి. నా కొట్లో ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం పారేయం. అట్టకూ పైగుడ్డకూ మధ్య బలానికి వేసేస్తాం. నీ పదిహేడు కాగితాలూ ఆ వారమే ఒక గ్రంథాలయం వాళ్ల నిఘంటువుల అట్టల్లోకి పోయాయి. వాటిని అప్పటికే పట్టుకుపోయారు. నీ ఉత్తరం అందిన మర్నాడు కొట్టుకు తాళం వేసి వెళ్లాను.

లైబ్రేరియన్ కుదరదంది. "కొత్త బైండింగు, పుస్తకాలు వాడుకలో ఉన్నాయి, మళ్లీ ఎలా ఇస్తాం?" అంది.

"బయటికి తీసుకెళ్లను. ఇక్కడే విప్పుతాను. ఇక్కడే మళ్లీ కడతాను."

"చదువుకునేవాళ్లకు ఇబ్బంది కదమ్మా."

"చప్పుడు చేయను. నీళ్లగిన్నె, కత్తి, గుడ్డ. అంతే. కాదంటే సాయంత్రం దాకా ఈ కుర్చీలోనే ఉంటాను, రేపు మళ్లీ వస్తాను."

మూడో రోజు ఒప్పుకుంది. మూల బల్ల మీద కూర్చుని తొమ్మిది నిఘంటువుల అట్టలు విప్పాను. తడిగుడ్డ వేసి, జిగురు నానేదాకా ఆగి, ఒక్కో కాగితం వేలి కొనతో లేవనెత్తాను. ఆరు రోజులు పట్టింది. బాల్‌పెన్‌తో రాశావు గనుక బతికిపోయావు. పద్నాలుగు నిండుగా వచ్చాయి. రెండు చిరిగాయి, అతికించాను. ఒకటి ముద్దయిపోయింది. అంచు ముక్కలు మాత్రం చెత్తకాగితాలవాడి బస్తాలో వెళ్లిపోయాయి, వాటిని దేవుడు కూడా తేలేడు.

లేవనెత్తుతూ లేవనెత్తుతూ మొదటిసారి నీ రాత చదివాను. "రాలేదు. మళ్లీ రాలేదు. బురద. వడగట్టడంలో తొందరపడ్డానా? రాలేదు." నేను వీటిని పాడైన కాగితాలు అనుకున్నాను.

కాగితాలు ఇందులో ఉన్నాయి. నేనే తీశానని, ఏ తేదీన తీశానో, ఎంత వెడల్పు కోశానో రాసి సంతకం పెట్టిన కాగితం కూడా ఉంది. వాళ్లకు ఇవ్వు. ఆ మారే ఫారం మీద మాత్రం సంతకం పెట్టావో, నా కొట్టు గుమ్మం ఎక్కకు.

పెద్దమ్మ

మార్చి 6

పెద్దమ్మా,

అమ్మ విషయంలో నాదే పొరపాటు. ఫారం నేనే పెట్టి మరిచిపోయాను. ఆ ఉత్తరంలో చివరి మాటలు రాసిన చెయ్యి నాదేనని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నువ్వు ఆరు రోజులు ఆ బల్ల దగ్గర కూర్చున్నావని చదివి హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

విచారణ నిన్న జరిగింది. పొడుగాటి గది, పొడుగాటి బల్ల, ఆ చివర ముగ్గురు, ఈ చివర నేను. నీ కాగితాలు తేదీల ప్రకారం పరిచాను. జిగురుకు బిరుసెక్కి ఒక్కొక్కటీ అప్పడంలా లేచి నిలబడింది. మేడం ఒక్కొక్కటే చేత్తో అదిమిపట్టి చదివింది. మోసం జరగలేదని ముగ్గురూ ఒప్పుకున్నారు. కానీ నంబర్లు లేని, విడిపోయిన కాగితాలను అసలు రికార్డుగా లెక్కలోకి తీసుకోలేమన్నారు. ఆ మాట తప్పని నేను అనలేను. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే అంటాను.

అందుకని రెండే మార్గాలు. సాధారణ డిగ్రీకి మారి జూన్‌లో వెళ్లిపోవడం. లేదా ఆగస్టులో కొత్త నోట్‌బుక్ తీసుకుని ఒకటో పేజీ నుంచి ఏడాది పనీ మళ్లీ చేయడం.

సలహాదారు ఫారం మీద పెన్ను పెట్టి నా వైపు జరిపాడు. "రెండింటికీ చివర్లో ఇచ్చే పట్టా ఒకటేనమ్మా. మంచి మాట చెబుతున్నాను," అన్నాడు.

"మంచి మాటే సార్. కానీ పెట్టను," అన్నాను.

తరవాత విచారణ కాగితం చదివి వినిపించారు. అందులో "బైండరు అజ్ఞానం వల్ల పేజీలు తొలగిపోయాయి" అని ఉంది. నేను లేచి నిలబడ్డాను. ఆవిడ వృత్తిలో ఆవిడ చేసింది తప్పు కాదు, ఏం ముట్టుకోకూడదో నేను చెప్పకపోవడం తప్పు, అజ్ఞానం అనే మాట అక్కడ ఉంటే సంతకం పెట్టను అన్నాను. మేడం పెన్ను తీసి ఆ మాట కొట్టేసి, "విద్యార్థిని సూచన ఇవ్వనందువల్ల" అని రాసింది.

నా వల్ల నీకూ అమ్మకూ మాటల్లేకుండా పోయాయి. అది కూడా నా లెక్కలోనే రాసుకో.

నీ మొండిది

మార్చి 15

మొండిదానా,

ఏడాది పోయిందని నువ్వు ఏడుస్తావేమో అని భయపడ్డాను. నువ్వేమో నా పరువు కోసం పోట్లాడి వచ్చావు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఉంటావు, ఎవరి పోలికో!

అయినా ఆ మాట ఉండనివ్వాల్సింది. తప్పు నాదే. నువ్వు చెప్పలేదన్నది పైపై మాట. ఒకరు చేసిన పనిని తీసేసే ముందు అడగాలి. బట్టలు కుట్టేవాడైనా అడుగుతాడు. అందంగా ఉందని నేను మురిసిపోయాను గాని, అది నీ అందమా నా అందమా అని చూడలేదు. నన్ను క్షమించు. ఈ మాట నేను ఎవరికీ రాయలేదు, చెప్పలేదు. నాకు బాగా కష్టంగా ఉంది, కాబట్టి ఒక్కసారే రాస్తాను.

మీ అమ్మ దగ్గరికి నేనే వెళ్లాను. బియ్యం ఏరుతోంది. నేనూ పక్కన కూర్చుని ఏరాను. చాలాసేపటికి, "ఇంకో ఏడాదా అక్కా?" అంది. "ఇంకో ఏడాదే," అన్నాను. చేట నా ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మాట్లాడింది కదా, అది చాలు.

వేసవిలో కొట్టుకు రా. జిగురు కాయడం నేర్పుతాను, అదీ కెమిస్ట్రీయే కదా. వచ్చే నోట్‌బుక్ మాత్రం ఊడినా, కాలినా, నీళ్లలో పడినా నా దగ్గరికి తేకు.

పెద్దమ్మ

మరుసటి ఏడాది, జూన్ 23

పెద్దమ్మా,

నువ్వు పెద్ద ఆర్డరు పని మీద పొరుగూరు వెళ్లి పట్టా ఇచ్చే రోజుకు రాలేకపోయావు గనుక అంతా వరసగా రాస్తున్నాను.

ఈసారి నలభై నాలుగుసార్లు బురద. పోయినేడు పనికొచ్చిన పద్ధతి ఈ ఏడాది ఎందుకు పనికిరాలేదో కనుక్కోవడానికే ఐదు నెలలు పట్టింది. కారణం చాలా చిన్నది, ద్రావణానికి వాడే ఆల్కహాలు గాలిలోంచి పీల్చుకునే తేమ. పోయినేడు ఆ రోజున గాలి పొడిగా ఉండి నా అదృష్టం బాగుంది, అంతే. అప్పుడే పట్టా ఇచ్చేసి ఉంటే, నాకు తెలియని దాన్ని తెలుసనుకుంటూ బయటికి వచ్చేదాన్ని. థీసిస్ పరీక్షలో కొత్తగా వచ్చిన ఒకాయన నోట్‌బుక్ తిరగేసి, "ఇన్ని కొట్టివేతలా?" అన్నాడు. మేడం నాకంటే ముందే, "అవే చదవండి," అంది.

నెగ్గాను. సలహాదారు బయట కారిడార్‌లో కళ్లజోడు తీసి చెయ్యి కలిపాడు. "నేను ఇప్పటికీ అదే సలహా ఇస్తాను," అన్నాడు. "నేను ఇప్పటికీ విననండి," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

నిన్న పట్టా తీసుకుని ఇంటికి వచ్చాను. అమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూసింది. దాని మీద కెమిస్ట్రీ అని ఒక్క మాటే ఉంది. పరిశోధన అని గాని, రెండో దారి అని గాని ఎక్కడా లేదు.

"సాధారణ దానికీ ఇదే కాగితం ఇస్తారా?"

"ఇదే ఇస్తారు."

"మరి ఏడాది ఎందుకు పోగొట్టుకున్నావే?"

ఆ ప్రశ్నకు ఏడాదిగా జవాబులు తయారుచేసుకుంటున్నాను. అవన్నీ పక్కన పెట్టాను. సంచిలోంచి నోట్‌బుక్ తీసి అమ్మ చేతిలో పెట్టి, స్నానానికి వెళ్లిపోయాను.

తిరిగి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్లో నోట్‌బుక్, ముక్కు మీద కళ్లజోడు. పదకొండో పేజీలో వేలు పెట్టి ఆపింది. అక్కడ ఒక పెద్ద కొట్టివేత, కింద నీలం మరక. తలెత్తి చూడకుండానే, "ఇక్కడెందుకు రాలేదే?" అని అడిగింది.

పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. ఒక దాని తరవాత ఇంకోటి అడుగుతూనే ఉంది. పొయ్యి మీద పాలు పొంగిపోయి వాసన వచ్చినా ఇద్దరం లేవలేదు.

నీ మొండిది